చిల్లు నాణేల కత్తి

కాసుల బాట – 11వ భాగం

గత వారం అనకాపల్లి పక్కన శంకరంలో, బొజ్జన్నకొండ మీద ఆగాం. అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు అక్కడ బయటపడ్డ సముద్రగుప్తుడి బంగారు నాణేన్నీ, విషమసిద్ధి బిరుదున్న చాళుక్య రాజు రాగి నాణేలనీ చూశాం. ఆ కొండ దిగి చోడవరం బస్సెక్కితే గంట ప్రయాణం. ఈ వారం కథ చోడవరం మీదుగానే పోతుంది గానీ, బయలుదేరేది మాత్రం చైనా నుంచి.

ఈసారి మన వస్తువు ఒక కత్తి. దానికి పదును లేదు, తోటకూర కాడ కూడా తెగదు. ఒకటో రెండో ఇనుప ఊచలు, వాటి మీద ఒకదాని అంచు మీదికి మరొకటి ఎక్కేలా పేర్చిన ఇత్తడి నాణేలు, వాటిని బిగించి అల్లిన ఎర్ర దారం, పిడి చివర ఒక కుచ్చు. అంతే కత్తి. నాణేలన్నీ చైనావి, ప్రతిదానికీ నడిమధ్య నలుచదరపు చిల్లు. పెద్ద కత్తికైతే నూరు నాణేలు, అంతకు పైన కూడా పడతాయి. పొడవు రెండడుగులకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు ఫెంగ్ షుయ్ పేరుతో విశాఖపట్నం కానుకల కొట్లలోనూ, ఫోనులో ఆర్డరు పెడితే చోడవరం గుమ్మంలోకీ వస్తున్నవి దీని నకళ్లు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల నాణేలతో కట్టిన అసలువి మ్యూజియాల్లోనూ, సేకరణ పిచ్చి ఉన్నవాళ్ల బీరువాల్లోనూ ఉన్నాయి.

నాణేలు పోగుచేసేవాళ్లలో చాలామందికి ఈ కత్తులంటే చిన్నచూపు. నాణేన్ని నాణెంగా చూడాలి గానీ బొమ్మ కింద కట్టేస్తే ఏం లాభం అంటారు. నేను ఒప్పుకోను. సంతలో చెల్లుబాటు పోయాక కూడా ఒక నాణెం ఏ పనికొచ్చిందో చెప్పే వస్తువు ఇది. చరిత్రలో నాణేల చావు గురించి రాసినవాళ్లు తక్కువ. చచ్చాక వాటికి పట్టిన యోగం గురించి రాసినవాళ్లు ఇంకా తక్కువ.

ముందు ఆ చిల్లు సంగతి తేల్చుకుందాం. మన దేశంలో పాతకాలం నాణెం ఎక్కువగా సుత్తి దెబ్బకు పుడుతుంది. కాల్చిన లోహపు బిళ్లను అచ్చు మీద పెట్టి పైనుంచి కొడతారు. చైనాలో నాణెం పోతకు పుడుతుంది. తల్లి నాణెం అని ఒకటి నున్నగా, లోపం లేకుండా చెక్కించి పెట్టుకుంటారు. దాన్ని మెత్తటి ఇసుకలో వరుసగా అద్ది, ఆ గుంటల్లోకి కరిగించిన లోహం పోస్తారు. చల్లారాక తీస్తే నడుమ కాండం, ఇరుపక్కలా కొమ్మలు, కొమ్మకొక నాణెంతో చిన్న చెట్టు వస్తుంది. నాణేలను తుంచేశాక అంచులు గరుగ్గా ఉంటాయి, ఆకురాయి పట్టాలి. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని రాయాలంటే ఎప్పటికి తెమిలేను? అందుకని నలుచదరపు ఊచకు గుదిగుచ్చి, అన్నిటినీ ఒక్కసారే రాసేవారు. చిల్లు గుండ్రంగా ఉంటే నాణెం ఊచ మీద గిర్రున తిరుగుతుంది. చదరంగా ఉంటే కదలదు. గుండ్రటి అంచు ఆకాశం, చదరపు చిల్లు భూమి అని చైనా పండితులు చెప్పే అర్థం అందంగానే ఉంది గానీ, కొలిమి దగ్గర కూర్చున్నవాడికి కావలసింది తిరగని నాణెం.

క్రీ.పూ. 221లో చైనానంతా ఒక్క గొడుగు కిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్ ఈ ఆకారాన్నే దేశమంతటికీ ఖాయం చేశాడు. క్రీ.శ. 621లో తాంగ్ వంశం నాణెం మీద నాలుగు అక్షరాల పద్ధతి మొదలుపెట్టింది. 1912లో ఆఖరి చక్రవర్తి గద్దె దిగేదాకా ఆకారం మారలేదు. రెండు వేల ఏళ్లు ఒకే రూపంలో నడిచిన డబ్బు ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం. క్రీ.శ. మూడో శతాబ్దపు చివర లూ పావ్ అనే ఆయన డబ్బు యావను వెక్కిరిస్తూ రాసిన వ్యాసంలో దానికి చదరపు చిల్లు అన్నగారని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ చైనావాళ్ల నోట్లో ఉంది.

చిల్లు ఉంది కాబట్టి తాడూ వచ్చింది. వంద నాణేలొక కట్ట, పది కట్టలు కలిపితే ఒక సరం. సరానికి పేరుకి వెయ్యి. పెద్ద లెక్కలన్నీ సరాల్లోనే నడిచేవి. అంటే ఈ నాణెం పుట్టుకతోనే దారానికి అలవాటుపడింది. పుట్టినప్పుడు ఊచకు, సంతలో తాడుకు, చివరికి కత్తికి.

లోహం సంగతి కూడా చెప్పాలి. పేరుకు రాగి నాణెమే గానీ చింగ్ వంశపు కాలానికి వచ్చేసరికి అది నిజానికి ఇత్తడి, అంటే రాగిలో తగరం కాదు, జింకు. ఇత్తడి కాబట్టి జనం నాణేలను కరిగించి గిన్నెలు, చెంబులు చేసుకునేవారు. లోహం ధర నాణెం ముఖవిలువను దాటినప్పుడల్లా టంకసాల ఒకవైపు పోస్తుంటే ఊరి కంచరివాడు ఇంకోవైపు కరిగించేవాడు. దీనికి 1740లో చిన్‌లుంగ్ చక్రవర్తి కొలువు ఒక ఉపాయం పన్నింది. నూటికి 50 పాళ్లు రాగి, 41.5 జింకు, 6.5 సీసం, 2 పాళ్లు తగరం కలిపింది. ఆ కాస్త తగరంతో లోహం పెళుసుబారి, సుత్తి తగిలితే పగులుతుంది, గిన్నెకు పనికిరాదు. కట్టిన కత్తుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ చిన్‌లుంగ్ నాణేలూ, ఆయన తాత కాంగ్‌షీ నాణేలూ.

కాంగ్‌షీ నాణేల మీద మక్కువకు కారణం మన తెలుగువాళ్లకు చప్పున అర్థమవుతుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా మనకు 60 సంవత్సరాల చక్రం ఉన్నట్టే చైనావాళ్లకూ 60 ఏళ్ల చక్రం ఉంది. కాంగ్‌షీ 61 ఏళ్లు ఏలాడు. చక్రం మొత్తం చూసి ఇంకా మిగిలాడు. అంతటి ఆయుష్మంతుడి పేరున్న నాణెం ఇంట్లో ఉంటే ఆయువు కలిసొస్తుందని నమ్మకం. 1713లో ఆయన అరవయ్యో పుట్టినరోజుకు, మన లెక్కన షష్టిపూర్తికి, ఒక్క అక్షరం కాస్త మార్చి ప్రత్యేకంగా పోసిన నాణేలని చెప్పేవి కొన్ని ఉన్నాయి. బౌద్ధ అర్హతుల బంగారు విగ్రహాలు కరిగించి వాటిలో కలిపారని కథ కూడా పుట్టింది. వాటిని అర్హత నాణేలనే పిలుస్తారు. అవి ఇత్తడివే. కథ మాత్రం బంగారమంత ధర పలికించింది.

ఇంతకూ ఈ కత్తిని ఎక్కడ పెట్టేవారు? పెళ్లయిన జంట పడకగదిలో, రోగి మంచానికి పైన, దోమతెర ముందు. తావో మతపు పూజారులు దయ్యం వదిలించే తంతులో చేతబట్టి తిప్పేవారు. అంతకు ముందు కాలంలో ఈ పనికి పీచు చెట్టు కొయ్యతో చేసిన కత్తి వాడేవారు, ఇప్పటికీ వాడతారు. నాణేల కత్తికి బలం ఎక్కడిదంటే రెండు మాటలు చెబుతారు. నాణెం మీద చక్రవర్తి ఏలుబడి పేరుంది కాబట్టి చక్రవర్తే అక్కడ కూర్చున్నట్టు, దయ్యాలు ఆ పేరుకు జంకుతాయన్నది ఒకటి. వేలమంది చేతులు మారిన నాణెంలో బతికున్న మనుషుల వేడి నిండి ఉంటుందన్నది రెండోది. అందుకే కొత్త నాణెం పనికిరాదు, అరిగిన నాణెమే కావాలి. ఒకే చక్రవర్తి కాలానివైతే మరీ మంచిది.

బాలింత మంచం కింద కొడవలో కత్తిపీటో పెట్టిన అమ్మమ్మలున్న ఊళ్లు మనవి. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి పోయి కొత్త బండికి పూజ చేయించి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వెనక మిరపకాయలు వేలాడదీసే మనం ఆ ఎర్ర దారాన్ని చూసి నవ్వే హక్కు పోగొట్టుకున్నాం. తేడా ఒక్కటే. ఇనుముకు భయపడే దయ్యం మన దగ్గర ఉంది. చక్రవర్తి పేరు చదవగలిగిన దయ్యం చైనాలో ఉంది!

ఈ నాణేల్ని డబ్బుగా కాక మరోలా వాడినవాళ్లు చైనావాళ్లొక్కరే కాదు. అలాస్కా తీరపు ట్లింగిట్ జాతి యోధులు, తోళ్ల కోసం వచ్చిన ఓడ వర్తకుల దగ్గర ఈ చిల్లు నాణేలు తీసుకుని, తోలు చొక్కాల మీద వరుసగా కుట్టి కవచాలు చేసుకున్నారు. బాలిలోని హిందువులు ఈ రోజుకీ వీటిని గుచ్చి శ్రీదేవికి, సంపద దేవుడికి బొమ్మలు కట్టి పూజిస్తారు. జావాలో, బాలిలో కొన్ని వందల ఏళ్ల పాటు చైనా నాణెమే సంతలో చిల్లర. కాబట్టి అక్కడ దాన్ని దేవుడి పీట ఎక్కించడానికి సరుకు కొదవలేదు.

మరి మన తీరానికి ఇవి రాలేదా?

ఇక్కడ కథలోకి ఒక రాజు వస్తాడు. ఆయన రాజమహేంద్రవరం ఏలాల్సినవాడు. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజరాజనరేంద్రుడి కొడుకు. తల్లి అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. చిన్నప్పటి పేరు కూడా తాతగారిదే, రాజేంద్రుడు. 1070లో తల్లివైపు గద్దె ఖాళీ అయ్యేసరికి వెళ్లి కూర్చున్నాడు. కులోత్తుంగ చోళుడనే పేరుతో చరిత్రకెక్కాడు. ఏడేళ్లు తిరిగేసరికి, 1077లో, సోంగ్ వంశపు షెన్‌జోంగ్ చక్రవర్తి కొలువుకు చోళ దేశం నుంచి ఒక రాయబారం వచ్చిందని చైనా గ్రంథాలు రాసిపెట్టాయి. వచ్చినవాళ్లు 27 మంది. తెచ్చిన కానుకల్లో ముత్యాలు, గాజు పళ్లేలు, కర్పూరం, దంతం, సాంబ్రాణి, పన్నీరు, ఇంగువ, లవంగాలు ఉన్నాయి. రాయబారులు సింహాసనం ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ముత్యాలూ కర్పూరమూ దోసిళ్లతో నేల మీద చల్లారట. ఆ మర్యాదను లేఖకులు పనిగట్టుకుని నమోదు చేశారు. దేవుడి ముందు పూలు, రాజు ముందు ముత్యాలు చల్లడం మనకు కొత్త కాదు.

చక్రవర్తి బదులుగా ఇచ్చింది చూడండి. 81,800 సరాల నాణేలు, 52,000 తులాల వెండి. ఇక్కడ తులం అంటే చైనా లియాంగ్, దాదాపు 40 గ్రాములు. వెండే రెండు టన్నులు. నాణేల లెక్క కళ్లు తిరిగేట్టు ఉంటుంది. సరానికి పేరుకే వెయ్యి, సోంగ్ ప్రభుత్వపు లెక్కల్లో 770 నాణేలుంటే చాలు, సరం కిందే జమ. అలా తీసుకున్నా 6 కోట్ల 29 లక్షల పైచిలుకు నాణేలు. ఒక్కోటి మూడున్నర గ్రాములనుకున్నా 220 టన్నులు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే పది టన్నుల లారీలైతే ఇరవై రెండు కావాలి.

దీన్ని బహుమతి అనుకునేంత అమాయకత్వం ఎవరికీ ఉండక్కర్లేదు. అది బేరం. కానుకల పేరుతో సరుకు దింపారు, మర్యాద పేరుతో ఖరీదు అందుకున్నారు. సమయం కూడా భలే చూసుకున్నారు. రాగి నాణేలు దేశం దాటి పోకూడదని సోంగ్ ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా నిషేధం పెట్టింది. 1074లో మంత్రి వాంగ్ అన్‌షీ సంస్కరణల్లో భాగంగా ఆ నిషేధం ఎత్తేశారు. నాణేలు ఓడల కొద్దీ పోతున్నాయని పెద్ద ఉద్యోగులు మొత్తుకున్నారు. ఆ తలుపు తెరిచి మూడేళ్లయ్యేసరికి మన రాజు మనుషులు గుమ్మంలో ఉన్నారు. చక్రవర్తి కొలువులో ఏ తలుపు ఎప్పుడు తెరిచారో తెలుసుకోకుండా అంత దూరం ఓడ నడిపే వర్తకుడు ఉండడు.

ఆ కోట్ల నాణేలన్నీ ఓడ ఎక్కి మన రేవులకు వచ్చాయా అంటే, నాకు నమ్మబుద్ధి కాదు. చాలా భాగం అక్కడే కాంటన్ బజారులో పట్టు, పింగాణీ కొనడానికి ఖర్చయి ఉంటుంది. కొంత మాత్రం వచ్చింది. తంజావూరు జిల్లా పల్లెల్లో చైనా నాణేల కుండలు బయటపడ్డాయి, ఒక్క ఒలైయక్కుణ్ణంలోనే వందల లెక్కన. వాటిలో సోంగ్ కాలపు నాణేలే ఎక్కువ. అవి సంతలో చెల్లిన గుర్తులు లేవు. మనవాళ్లకు బంగారు మాడలు, గద్యాణాలు, రూకలు ఉండగా చైనా కంచు బిళ్లతో పనేముంది? వీటిని లోహంగానే కొన్నారని నా అభిప్రాయం. దక్షిణాదిలో రాగి గనులు తక్కువ, విగ్రహాలకూ గిన్నెలకూ గిరాకీ ఎక్కువ. కుండలో దాచి మరిచిపోయినవే మిగిలాయి. మిగతావి కరిగి ఏ దీపపు కుందెలో, ఏ గంటలో, ఏ ఉత్సవ విగ్రహంలో కలిసిపోయాయో. చైనా ప్రభుత్వం ఏ భయంతో 1740లో తగరం కలిపిందో, ఆ పనే దాదాపు ఏడు వందల ఏళ్లకు ముందు మన కంచరివాళ్లు తాపీగా చేసుకుంటూ పోయి ఉండాలి.

ఇదే కాలపు రాతి సాక్ష్యం ఇంకొకటి ఉంది, అది తావో మతానికి సంబంధించినది కావడం వింత. కాంటన్‌లో పాడుపడిన ఒక తావో ఆలయాన్ని విదేశీ ప్రభువు ఒకరు డబ్బిచ్చి బాగుచేయించాడని 1079 నాటి శాసనం చెబుతోంది. ఆ ప్రభువు పేరు చైనా అక్షరాల్లో ‘తిహువాజియాలో’. 1077లో రాయబారం పంపిన చోళ రాజు పేరు కూడా సోంగ్ చరిత్రలో దాదాపు అలాగే ఉంది. శాసనం మాత్రం ఆయన్ని శ్రీవిజయ దేశపువాడిగా చెప్పింది. ఇద్దరూ ఒకరేనని, ఆ ఒకరు మన కులోత్తుంగుడేనని కొందరు చరిత్రకారులు వాదించారు. కాదన్నవాళ్లూ గట్టివాళ్లే. చైనా లేఖకులు రెండు దేశాల రాయబారాలనూ కలగాపులగం చేశారని వాళ్ల వాదన. నాకు రెండో పక్షమే సబబుగా తోస్తుంది. రాజమహేంద్రవరపు చాళుక్యుడు తావో గుడికి దాత అయితే ఎంత ముచ్చటగా ఉంటుందో తెలిసీ అంటున్నాను. ముచ్చటైన సంగతి అన్నంత మాత్రాన ఒప్పుకుంటే చరిత్ర రాయనక్కర్లేదు, హరికథ చెప్పుకోవచ్చు.

ఈ రాజుకు మన జిల్లాతో ఉన్న బంధం మాత్రం వాదనకు తావులేనిది. పదకొండో శతాబ్దపు చివరి శాసనాల్లో విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అనే పేరు కనిపిస్తుంది. సముద్రం మీద తిరిగే అంజువణ్ణం వర్తక సంఘం మనుషులు అక్కడ దిగి వ్యాపారం చేసుకునేవారు. వాళ్లకు సింహళపు రేవులతో రాకపోకలు. అంతకు ముందే ఆయన తండ్రి రాజరాజు బంగారు మాడలు సముద్రం దాటాయి. వరాహ లాంఛనం గుద్దిన ఆ పలచటి బిళ్లలు బర్మాలోని అరకాన్ తీరంలో దొరికాయి. మన కాసు తూర్పుకు, చైనా కాసు పడమటికి, మధ్యలో ఒకే సముద్రం. 1244 నాటి మోటుపల్లి అభయ శాసనంలో కాకతి గణపతిదేవుడు సుంకం రాయించిన సరుకుల్లో చీనా కర్పూరం ఉంది, రాగి, సీసం ఉన్నాయి. ఆ పట్టిక గురించి వచ్చే వారం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇక అయిదు వందల ఏళ్లకు పైగా దూకుతున్నాను. మధ్యలో చెప్పుకోవలసినది లేక కాదు, మన కత్తికి పనికొచ్చేది లేక.

1794 జూలైలో పద్మనాభం దగ్గర విజయనగరం ప్రభువు విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. అదే సంవత్సరం అంకె వేసుకుని ఇంగ్లండులోని బర్మింగ్‌హాం దగ్గర సోహో టంకసాలలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద, ఉత్తర సర్కారుల కోసం రాగి నాణేలు అచ్చయ్యాయి. మీద ఇంగ్లీషులో ‘నలభై ఎనిమిదికి ఒక రూపాయి’ అనే అర్థంలో అక్షరాలు. మన జిల్లా రైతు చేతిలో పడ్డ తొలి యంత్రపు నాణేలు అవే. డబ్బు అని పిలిచిన ఆ కోవ రాగి నాణెం పోయి చాలాకాలమైంది, పేరు మాత్రం మొత్తం సొమ్ముకు మిగిలిపోయింది. అప్పటికి చైనాలో చిన్‌లుంగ్ ముసలి చక్రవర్తి. ఆయన టంకసాలలు ఇంకా ఇసుకలో అద్ది పోత పోస్తూనే ఉన్నాయి.

1850లో సోహో టంకసాల సామాను వేలానికి వచ్చింది. కొన్నవాళ్లలో అదే ఊరి రాల్ఫ్ హీటన్ ముఖ్యుడు. ఆయన కుటుంబం ఆ యంత్రాలతోనే టంకసాల వ్యాపారంలో పైకొచ్చి, చివరికి చైనాకే యంత్రాలు అమ్మింది. కాంటన్‌లో హీటన్ కంపెనీ యంత్రాలతో కట్టిన టంకసాల 1889లో పని మొదలుపెట్టింది. అంత పెద్దది అప్పట్లో ప్రపంచంలోనే లేదన్నారు. మొదట చదరపు చిల్లున్న నాణేన్నే యంత్రం మీద గుద్ది చూశారు. 1900 నుంచి చిల్లు లేని రాగి నాణేలు వచ్చాయి. పోత నాణెం రోజులు దగ్గరపడ్డాయి. సర్కారు జిల్లాల పాత రాగి నాణేలకు ఎసరు పెట్టిన ఊరే వందేళ్లు తిరక్కుండా చైనా కాసుకూ పెట్టింది.

బళ్ల కొద్దీ పాత నాణేలు చెల్లుబాటు పోయి మిగిలాయి. రేవు పట్నాల్లో తెల్లవాళ్లు జ్ఞాపకంగా కొనుక్కుపోయే వస్తువులకు గిరాకీ పెరిగింది. అంతకు ముందు దయ్యాలకు కట్టిన కత్తిని ఇప్పుడు యాత్రికులకు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు వేలంపాటల్లో తిరిగే పాత కత్తుల్లో చాలా భాగం ఆ కాలానివే. వాటిలో నాణేలు నిజమైనవే, భక్తి మాత్రం సగమే. సేకరించేవాడు ఇది గుర్తుంచుకోవాలి. నాణెం 1750 నాటిది కావచ్చు, కత్తి 1900 నాటిది కావచ్చు, దారం నిరుటిది కావచ్చు.

చోడవరం ప్రాంతపు మనుషులు ఈ నాణేలకు బాగా దగ్గరగా మసలిన కాలం కూడా సరిగ్గా ఇదే. వాళ్లు వెళ్లింది చైనాకు కాదు, రంగానికి. రంగూన్‌ని మన తాతలు రంగం అనే అన్నారు. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో పొగ ఓడ ఎక్కి, బియ్యపు మిల్లుల్లోనూ రేవులోనూ మూటలు మోయడానికి పోయారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు వాళ్లను కోరంగీలన్నారు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్ష పైబడ్డారు. రంగూన్ నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డులో, మూటలు దించే రేవుకు దగ్గర్లోనే, చైనావాళ్ల పేట ఉంది. సముద్రపు దేవత మాజుకు వాళ్లు కట్టుకున్న ఖెంగ్ హాక్ కియాంగ్ గుడి ఇప్పటికీ అక్కడే ఉంది. ఎర్ర కాగితాలు, ఎర్ర దారాలు, అగరొత్తుల కొట్లు మన రేవు కూలీ రోజూ చూసే సరుకే.

ఆ బతుకు సాఫీగా సాగలేదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల బదులు పెట్టుకున్న బర్మా కూలీలకూ వీళ్లకూ మధ్య చిచ్చు రేగి నెత్తురు పారింది. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూన్ మీద పడ్డాయి. ఓడ దొరకనివాళ్లు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్క లేదు. బర్మా టేకు పెట్టె, లక్క డబ్బా ఇప్పటికీ ఉన్న ఇళ్లు అంతకు ముందే తిరిగొచ్చినవాళ్లవి. కాలినడకన వచ్చినవాళ్లు ప్రాణం తప్ప ఏమీ తేలేదు. ఉత్తరాంధ్రలో పాత చైనా వస్తువు చూపించి ఇది రంగం నుంచి వచ్చిందని ఎవరైనా అంటే, ఏ ఏట వచ్చారని అడిగాకే నేను నమ్ముతాను.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. మరుసటి ఏడాది, యుద్ధానికి రాగి కరువై, ఢిల్లీ ప్రభుత్వం పైసా నాణేనికి నడుమ గుండ్రటి చిల్లు పెట్టింది. 1943 నుంచి 1947 దాకా వచ్చిన ఆ కంచు నాణేన్నే మన ఇళ్లలో చిల్లు కాణీ అన్నారు. లోహం పొదుపు కోసం పెట్టిన చిల్లును జనం వెంటనే వేరే పనులకు వాడుకున్నారు. మేకు కింద వాషరుగా, పిల్లాడి మొలతాడుకు దిష్టి తగలకుండా. రెండు వేల ఏళ్ల చైనా అనుభవం మనకు ఒక్క వేసవిలో ఒంటబట్టింది. నాణెంలో చిల్లు కనిపిస్తే మనిషి చెయ్యి దారం కోసం వెతుకుతుంది.

అంతకు ముందు కూడా మన ఆడవాళ్లు నాణేన్ని ఊరికే వదల్లేదు. ఆంధ్రదేశంలో దొరికిన రోమను బంగారు నాణేల్లో కొన్నింటికి చిల్లులు పొడిచి ఉన్నాయి. కాసులపేరు సంగతి సరేసరి. మనవాళ్లు దారానికి ఎక్కించింది బంగారు కాసుని. చైనావాళ్లు ఎక్కించింది ఇత్తడి చిల్లరని. మనది మెడకెక్కింది, వాళ్లది గోడకెక్కింది.

ఇక ఈ కత్తుల్ని సేకరించాలని ముచ్చటపడే వారికి నాలుగు మాటలు. పోత నాణెం అంచు మీద భూతద్దం పెడితే ఆకురాయి గీతలు కనిపిస్తాయి. చదరపు చిల్లు మూలలు అంత కచ్చితంగా ఉండవు. ఒక్కో నాణెం వెంట్రుకవాసి తేడాతో వేరుగా ఉంటుంది. నూరు నాణేలూ ఒకే మందం, ఒకే మెరుపు, ఒకే అరుగుదలతో ఉంటే అది నిన్నటి కార్ఖానా సరుకు. షున్‌జీ, కాంగ్‌షీ, యుంగ్‌జెంగ్, చిన్‌లుంగ్, జియాచింగ్ అని అయిదుగురు చక్రవర్తుల నాణేలు కలిపి అమ్మే కట్టల్లో నకళ్లు మరీ ఎక్కువ. ముందువైపు నాలుగు చైనా అక్షరాల్లో పైనా కిందా ఉన్నవి చక్రవర్తి ఏలుబడి పేరు. వెనకవైపు సాధారణంగా రెండు మంచూ మాటలుంటాయి, అవి టంకసాల గుర్తులు. పాత ఊచ ఇనుముదై తుప్పు పట్టి ఉంటుంది, ఆ తుప్పు లోపలి నాణేలకు అంటుకుని ఉంటుంది. తీగ మీదో, వెదురు పుల్ల మీదో కట్టి ఉంటే ఆలోచించండి.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం చింతపండు. ఇత్తడి అనగానే చింతపండు పట్టించి కొబ్బరి పీచుతో తోమే అలవాటు తరతరాలది. పాత నాణెం మీది నల్లటి, ఆకుపచ్చటి పొర మురికి కాదు, దాని వయసు. ఒక్కసారి తోమితే మూడు వందల ఏళ్లు కాలవలో పోతాయి. తడి తగలని చోట, ఎండ పడని చోట, పడుకోబెట్టి ఉంచండి. దారం పాతదైతే వేలాడదీయొద్దు, అరకిలో బరువు అది మోయలేదు. తెగితే కొత్త దారం కట్టించుకోవచ్చు గానీ, తెగిన పాత దారాన్ని కూడా అదే సంచిలో దాచండి. ఎప్పుడు కట్టిన కత్తో చెప్పే సాక్ష్యాల్లో అదొకటి.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. కొట్టులోనో వేలంలోనో రసీదుతో కొన్నదానికి పేచీ లేదు. రసీదు మాత్రం పారేయకండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం లెక్కన పురావస్తువు, దేశం బయటికి పంపకూడదు. చెరకు తోటలో నాగలికి తగిలి భూమిలోంచి వచ్చిన నాణేల సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ నడుస్తోంది, పది రూపాయలు దాటిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. 2022 ఏప్రిల్ దాకా చోడవరం వాళ్లకు ఆ కలెక్టరు విశాఖపట్నంలో ఉండేవారు, ఇప్పుడు అనకాపల్లిలో ఉన్నారు. కుండతో దొరికితే కుండతోనే, మట్టితో దొరికితే మట్టితోనే అప్పగించండి. ఏ పొలంలో, ఎంత లోతున, ఏ పెంకుల పక్కన దొరికిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

(వచ్చే వారం: మోటుపల్లి రేవులో గణపతిదేవుడి సుంకాల పట్టిక)